నేను తీసేసిన షరతు

ఆ దసరా తర్వాత పత్తి మార్కెట్లో తూకం చీటీలు ఆగిపోవడానికి కారణం నేను. ఆ మాట అప్పుడు చెప్పలేదు. తర్వాత కూడా చెప్పలేదు. పైగా, తప్పు తనదేనని నమ్మి కుమిలిపోతున్న మనిషి పక్కన కూర్చుని, "పోనీ అక్కా, ఎవలకైనా అయితది" అని ఓదార్చాను. ఓదార్చినందుకు ఆమె నాకు చాయ్ తాగించింది. తాగాను కూడా.

అప్పట్లో మా ఆఫీసు హనుమకొండలో ఒక చీరల దుకాణం మీది అంతస్తులో ఉండేది. కింద జనం పది చీరలు విప్పించి, మళ్ళీ మడత పెట్టించి, రేపొస్తామని వెళ్ళిపోయేవారు. పైన మేము కొత్త సాఫ్ట్‌వేర్‌ను విప్పి, మడిచి, పాత కంప్యూటర్లలో పట్టేలా చేసి పంపేవాళ్ళం. మా ఖాతాదారులు మార్కెట్ యార్డులు, సహకార సంఘాలు, రక్తపరీక్షల కేంద్రాలు. వాళ్ళ కంప్యూటర్లలో లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఉండేది, అదీ లోకమంతా ఎప్పుడో వదిలేసిన పాత వెర్షన్. మార్చుకోండి అంటే అందరిదీ ఒకటే జవాబు: "నడుస్తాంది గదా, ఎందుకు ముట్టుడు?" ముట్టకుండానే కొత్త సౌకర్యాలు కావాలి. అందుకని కొత్త వెర్షన్ కోసం తయారైన వాటిని పాత వెర్షన్‌కు తగ్గట్టు వెనక్కి తెచ్చే పని ఒకటి పుట్టింది. దాన్ని బ్యాక్‌పోర్టింగ్ అంటారు. నా ఉద్యోగం అదే.

ఒక పెళ్ళిలో మా మేనత్త అడిగింది, ఏం చేస్తావని. వివరంగా చెప్పాను. ఆమె పూర్తిగా విని, "అందరు ముందటికి పోతాంటే నువ్వు ఎనకకు తెస్తానవా బిడ్డా? గదేం కొలువు?" అంది. ఆ తర్వాత ఎవరడిగినా సాఫ్ట్‌వేర్ అని ఊరుకుంటున్నాను.

కానీ ఈ కథకు కొంచెం వివరం తప్పదు. సాఫ్ట్‌వేర్‌ను ఒక పొట్లంగా కట్టి పంపాలంటే ముందు ఒక తయారీ చీటీ రాయాలి: ఏది ఎక్కడ పెట్టాలి, ఏది ముందు మొదలుకావాలి అన్నీ అందులో ఉంటాయి. ప్రతిసారీ అంతా రాయలేక కొన్ని పొట్టి మాటలు పెట్టుకుంటారు. వాటిని మాక్రోలు అంటారు. వంటింట్లో "పోపు పెట్టు" అన్నట్టు. ఆ ఒక్క మాటలో నూనె, ఆవాలు, జీలకర్ర, ఎండుమిరప, కరివేపాకు, వాటి వరస అన్నీ ఉన్నాయి. ఆ ఇంటి మనిషికి మళ్ళీ చెప్పనక్కర్లేదు. ఇబ్బంది ఎక్కడంటే, కొత్త వెర్షన్ వాళ్ళు ఏటేటా కొత్త పొట్టి మాటలు కల్పిస్తారు. పాత వెర్షన్‌కు అవి తెలియవు. పోపు అంటే ఏమిటి అని అక్కడే ఆగిపోతుంది. అందుకని కొత్త మాటలన్నిటికీ అర్థాలు రాసిన ఒక చిన్న ఫైలు తయారుచేసి పాత వెర్షన్లకు అందిస్తారు. మా ఆఫీసులో ఆ ఫైలు అక్క చేతిలో ఉండేది.

అక్క అంటే నాకు చుట్టం కాదు. నాకన్నా మూడేళ్ళు పెద్ద, ఆఫీసులో అందరికీ అక్క. కొత్తవాడలో జంపఖానాలు నేసిన కుటుంబం. ఆమె డిప్లొమా చదువుతున్నప్పుడు కూడా పొద్దున ఒక గంట మగ్గం దగ్గర కూర్చున్నాకే కాలేజీకి వెళ్ళేదట. ఫైలు గురించి నాకు మొదటిరోజు చెప్పిన పాఠం కూడా మగ్గం భాషలోనే చెప్పింది.

"మా నాయిన పాత పడుగు అయిపోంగనే కొసలు కోసి పారెయ్యడు తమ్మీ. మగ్గం మీదనే కొన్ని కొసలు ఉంచుతడు. కొత్త పోగులు ఒక్కొక్కటి వాటికే ముడేస్తడు. లేకపోతే మల్ల ప్రతి పోగు దువ్వెన లెక్క ఉండే అచ్చులకెంచి తియ్యాలె. గీ పని గూడ గంతే. పాతదాన్ని ముట్టద్దు. దానికే ముడెయ్యాలె."

ముట్టకుండా ఉండటానికి ఆమె ప్రతి మాట ముందూ ఒక షరతు రాసేది: ఈ మాటకు ఇక్కడ ఇదివరకే అర్థం ఉంటే దాన్ని అలాగే ఉంచు, లేకపోతేనే మనది వాడు. ఒక ఇంట్లో పోపులో వెల్లుల్లి వేస్తారు, ఇంకో ఇంట్లో వెయ్యరు. మనం వెళ్ళి మన పోపే పోపు అనకూడదు. పద్నాలుగు మాటలుంటే పద్నాలుగుసార్లు అదే షరతు. చూడటానికి విసుగ్గా ఉండేది. అక్కకు విసుగు లేదు.

మా ఆఫీసులో ఇంకో ఆచారం కూడా చెప్పాలి. తయారీ చీటీ అడుగున మార్పుల పట్టిక ఉంటుంది. ఎవరు ఏం మార్చినా తేదీ, పేరు, మార్పు రాసి పట్టికలో అన్నిటికన్నా పైన చేర్చాలి. పాతవి కింద అలాగే ఉంటాయి, ఎప్పటికీ చెరపరు. లోకంలో అందరూ తమ పేర్లు రాసుకుంటారు. మేము మాత్రం అక్క రాసిన పాత వరుసనే కాపీ చేసి, తేదీ మార్చి, విషయం మార్చి, పేరు అలాగే వదిలేసేవాళ్ళం. దీనికి కారణం మా మేనేజర్. అక్క పేరు కనిపిస్తే ఆయన చదవకుండానే సరే అనేవాడు. మా పేర్లు కనిపిస్తే రెండు రోజులు ప్రశ్నలడిగేవాడు. పైగా ఈ ఫైళ్ళుండే మెషీన్‌కు అందరికీ కలిపి ఒకటే లాగిన్. అలా ఐదుగురం ఒకే పేరుతో పనిచేశాం. అక్కకు తెలుసు, నవ్వేది. "నా పేరు మీద గింత పని నేనే చేస్తానంటే మా అత్తకు చూపియ్యాలె" అనేది.

ఆ ఏడు దసరాకు నాలుగు రోజుల ముందు అక్క తల్లిని దవాఖానలో చేర్చారు. అక్క రాత్రి అక్కడ, పగలు సగం పూట ఆఫీసులో. అదే వారం కొత్త మాటల ఫైలు వెళ్ళాలి. మార్కెట్ యార్డులో తూకం చీటీల ప్రోగ్రాం కొత్తది పెట్టాలి, అది ఈ ఫైలు లేకుండా తయారుకాదు. పత్తి రాక మొదలయ్యేలోపు అయిపోవాలి. అక్క ముప్పావు వంతు రాసింది. ఫోనొచ్చి మధ్యలో లేచి వెళ్ళింది.

సాయంత్రం నాలుగింటికి మేనేజర్ వచ్చి అడిగాడు.

"ఏమయ్యా, అయిందా?"

"అయినట్టే సార్."

మాది స్టీలు సామాన్ల దుకాణం నడిపిన కుటుంబం. మా దుకాణంలో సరుకు లేకపోయినా లేదు అనే మాట ఎవరూ అనరు. "తొవ్వల ఉంది, వస్తాంది" అంటారు. నేను ఆ నోటితోనే సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చాను.

అక్క కుర్చీలో కూర్చుని మిగతాది పూర్తిచేశాను. నాలుగు మాటలు కలపడం, అంతే. అక్కడితో ఆగితే ఈ పేజీలు ఉండేవి కావు. కానీ అంతకు ముందు నెల నేను శుభ్రమైన కోడ్ ఎలా రాయాలో మూడు రోజుల శిక్షణ పొంది సర్టిఫికెట్ తెచ్చుకున్నాను. దాన్ని ఫ్రేము కట్టించి గోడకు తగిలించాను కూడా. సర్టిఫికెట్ ఉన్నవాడి కళ్ళకు ఆ పద్నాలుగు షరతులూ చెత్తలా కనిపించాయి. పాత వెర్షన్‌లో ఈ మాటలు ఎలాగూ లేవు కదా, ఊరికే ఎందుకు అనుకున్నాను. పద్నాలుగూ తీసేశాను. ఫైలు సగమైంది. చూసుకుని మురిసిపోయాను.

మాకు రెండు వెర్షన్లు ఉండేవి: పాతది, మరీ పాతది. మార్కెట్ యార్డులో ఉన్నది మరీ పాతది. పంపేముందు రెండింటి మీదా పరీక్షించాలి. పాతదాని మీద చూశాను, దివ్యంగా నడిచింది. మరీ పాతది ఒక మూలన ఒకే ఒక్క కంప్యూటర్ డబ్బాలో ఉండేది. దాని దగ్గరికి వెళ్తే, దాని మెడలో బంతిపూల దండ ఉంది.

ఆయుధపూజ, మా ఆఫీసులో అష్టమి నాడే మొదలయ్యేది. ఆ ఏడు మేనేజర్ ఒక ఉపాయం చేశాడు. పూజలో పెట్టిన ఆయుధాన్ని దశమి దాకా ముట్టకూడదు. అన్ని కంప్యూటర్లూ పెడితే పని ఆగిపోతుంది. అందుకని అన్నిటి తరఫునా ప్రతినిధిగా ఒకదాన్ని పెడదామన్నాడు. ఎవరికీ పనికిరానిది ఏదని వెతికితే ఈ డబ్బా దొరికింది. పసుపు రాసి, కుంకుమ పెట్టి, సరిగ్గా స్విచ్ మీద కూడా ఒక బొట్టు పెట్టారు. ముందు నిమ్మకాయ. పక్కన మా ఆఫీసు స్క్రూడ్రైవర్లు రెండు, స్టేప్లరు ఒకటి.

నేను భక్తుణ్ణని చెప్పుకోను. కానీ ఆ స్విచ్ నొక్కితే బొట్టు చెరిగిపోతుంది, మేనేజర్ చూస్తే అడుగుతాడు, అడిగితే ఆలస్యమవుతుంది. రెండు వెర్షన్ల మీదా పరీక్ష అయింది అని రాశాను. పేరు దగ్గర ఎప్పట్లాగే అక్క పేరు ఉండిపోయింది. పంపించేశాను. నిమ్మకాయ ఒక్కటే సాక్షి.

మర్నాడు అక్క వచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"గా ఫైలు సంగతేంది తమ్మీ?"

"పోయింది అక్కా."

"నేనే పంపిన్నా?"

ఆ ప్రశ్నకు రెండక్షరాల జవాబు ఉంది. నేను పంపానంటే చూపించమంటుంది. చూపిస్తే షరతులన్నీ మళ్ళీ పెట్టమంటుంది. అందుకని, "నిన్ననే పోయింది అక్కా, సార్ గూడ ఓకే అన్నడు" అన్నాను. ఇందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. నేను ఆ రోజుల్లో అలాంటి నిజాలు చెప్పడంలో ఆరితేరాను.

"గట్లనా. నాకు యాదికే లేదు" అని అక్క మొహం కడుక్కోవడానికి వెళ్ళింది.

దసరా అయ్యింది. మార్కెట్ తెరిచిన పొద్దున యార్డులో మా కొత్త ప్రోగ్రాం పెట్టారు. "విజయవంతంగా పూర్తయింది" అని తెర మీద వచ్చింది. వాళ్ళు కంప్యూటర్ ఆపి మళ్ళీ వేశారు. ఇక ప్రోగ్రాం లేవలేదు. ప్రోగ్రాంలను నిద్రలేపే ఫైళ్ళు ఏ గదిలో, అంటే ఏ ఫోల్డరులో, ఉంటాయో చెప్పే మాట ఒకటుంది. మరీ పాత వెర్షన్‌లో ఆ మాట ముందునుంచే ఉంది, వేరే గదిని చూపిస్తుంది. షరతు ఉంటే దాని మాట దానికి ఉండేది. నేను షరతు తీసి, దాని నోట్లో మన మాట పెట్టాను. ఫైలు కొత్త గదిలోకి వెళ్ళింది. ఆ కంప్యూటర్ పాపం పాత గదిలోనే వెతుకుతూ కూర్చుంది.

యార్డు బయట పత్తి ట్రాక్టర్లు రోడ్డు దాకా నిలిచాయి. చీటీ లేనిదే తూకం కాదు, తూకం లేనిదే కొనుగోలు లేదు. చేత్తో రాద్దామంటే కార్బన్ పేపరు దొరకలేదు. మా ఆఫీసు ఫోను మోగీ మోగీ వేడెక్కింది. అవతల ఎవరో రైతు ఫోను లాక్కుని, "కంప్యూటర్ల ఏం పెట్టిన్రు సార్, మబ్బు పడుతాంది, పత్తి తడుస్తే మీరొచ్చి పిండుతరా?" అన్నాడు. మేనేజర్ ఆ ఫోను నా చేతికిచ్చాడు.

ఇరవై నిమిషాల్లో బాగుచేశాను. షరతులన్నీ తిరిగి పెట్టి పంపాను. మిగతావాళ్ళు ఇంకా ఎక్కడ మొదలుపెట్టాలా అని చూస్తున్నారు. నేను నేరుగా ఆ వరుసకే వెళ్ళాను. దొంగకు దాచిన చోటు వెతుక్కునే పని ఉండదు కదా.

మర్నాడు మీటింగు. మూలకారణం తేల్చాలని మేనేజర్ పట్టికను గోడ మీద పెద్దగా వేశాడు. నిన్న బాగుచేసిన వరుస కింద, దసరా ముందు వరుసలో అక్క పేరు. "అనవసరమైన షరతులు తీసివేత. రెండు వెర్షన్ల మీదా పరీక్ష అయింది." గదిలో ఐదుగురం ఉన్నాం. ఆ పేరు ఐదుగురిదీ అని ఐదుగురికీ తెలుసు. ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా అందరం గోడనే చూశాం. నేను పెన్ను మూత తీసి పెట్టాను, మళ్ళీ తీశాను.

ఎవరో ఒకరు అడుగుతారనుకున్నాను. ఎవరూ అడగలేదు. అక్కే మాట్లాడింది.

"నేనే అయ్యుంటా సార్. మూడు దినాల సంది నిద్ర లేదు. షరతులు ఎందుకు తీసిన్నో నాకే సమజైతలేదు. ఎన్నడు తియ్యను."

"అయితది అమ్మా, అయితది" అన్నాడు మేనేజర్, పెద్దమనసుతో. అప్పుడే నేను ఆ చాయ్ తాగిన ఓదార్పు మాట అన్నాను.

వారం తర్వాత సన్మానం. మా వైపు ఎవరు ఏం చేసినా శాలువా కప్పడం అలవాటు. రిటైరైనా శాలువా, చేరినా శాలువా. "ఇరవై నిమిషాలల్ల పట్టిండు. నజర్ అంటే గిది" అని మేనేజర్ నాకు ఒక ఎరుపు శాలువా కప్పి, గాజు మెమెంటో ఇచ్చాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అక్క అందరికన్నా కొంచెం ఎక్కువసేపు కొట్టింది.

అక్కను ఎవరూ శిక్షించలేదు. విశ్రాంతి అవసరమని చెప్పి ఫోన్లకు జవాబు చెప్పే డెస్కుకు మార్చారు. ఫైలు నాకిచ్చారు. ఆమె ఒక్కసారి కూడా అడగలేదు. కానీ సాయంత్రం వెళ్ళేటప్పుడు లైట్లు ఆపి, మెట్లు దిగి, మళ్ళీ ఎక్కి వచ్చి చూసేది. బల్ల సొరుగు తాళం మూడుసార్లు లాగి చూసేది. ఫోనులో అవతలివాళ్ళు చెప్పిన నంబరు మూడుసార్లు చదివి వినిపించేది. ఏడాది తిరగకుండానే మానేసింది. ఆమెకూ శాలువా కప్పారు.

ఈలోపు ఆమె తప్పు మా ఆఫీసులో పాఠమైంది. కొత్తగా చేరినవాళ్ళకు ఇచ్చే శిక్షణలో ఒక స్లైడు: పెద్దగా ఆ పట్టిక వరుస, అక్క పేరు, పక్కన ట్రాక్టర్ల ఫోటో. ఆ క్లాసు చెప్పడానికి తగినవాడు ఎవరని చూస్తే, ఇరవై నిమిషాల్లో బాగుచేసినవాడే కదా. ఏడేళ్ళు ఆ క్లాసు నేనే చెప్పాను. చెప్పగా చెప్పగా బాగా చెప్పడం వచ్చింది. ట్రాక్టర్ల దగ్గర కాసేపు ఆగాలి, "మీరొచ్చి పిండుతరా" దగ్గర గొంతు మార్చాలి. అందరూ నవ్వేవారు. అంతా అయ్యాక, "అనుభవం ఉన్నవాళ్ళు కూడా పొరపాటు చేస్తారు" అని మెత్తగా ముగించేవాణ్ణి. ఆ మెత్తదనం గురించి నాకు మంచి పేరు కూడా వచ్చింది.

కిందటేడు ఒక అమ్మాయి, చేరి వారమైంది, నవ్వులన్నీ ఆగాక అడిగింది.

"సార్, ఆ మేడమ్ ఇప్పుడు ఏం చేస్తాంది?"

తెలియదన్నాను. ఏడేళ్ళుగా ఆమె పేరు ఏటా చదువుతున్నాను, ఆమె ఎక్కడుందో తెలియదు.

ఆ తర్వాత నెలలోనే తెలిసింది. ఖమ్మంలో పెళ్ళికి కారులో వెళ్తున్నాను. లాడ్జిలో ఆధార్ జిరాక్స్ అడుగుతారని గుర్తొచ్చి మరిపెడలో రోడ్డు పక్కన ఆపాను. జిరాక్సు, ఆన్‌లైన్ దరఖాస్తులు అని బోర్డున్న చిన్న దుకాణం. కౌంటరు వెనక అక్క. తల కొంచెం నెరిసింది. ముందు ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. ఆమె ఆయన దరఖాస్తు చదువుతోంది.

"మల్లొక్కసారి చెప్పు బాబాయ్, పాస్‌బుక్కు నంబరు."

"రెండుసార్లు చెప్పిన గదనమ్మా. నా పేరు నాకెర్కే, నా నంబరు నాకెర్కే. బస్సు పోతాంది."

"పోనియ్. ఇంకోటి వస్తది. గిక్కడ ఒక్కటి తప్పు పడితే ఆర్నెల్లు తిరుగుతవు."

"ఊరంత ఎట్లంటాన్రో ఎర్కేనా? మూడుసార్ల జిరాక్సమ్మ అంటాన్రు."

"అననియ్" అని మూడోసారి చదివింది. ముసలాయన వెళ్ళాక తలెత్తి నన్ను చూసింది. గుర్తుపట్టడానికి ఒక్క క్షణం కూడా పట్టలేదు.

"తమ్మీ, నువ్వా. లావైనవ్ కదా. కూసో."

పక్క హోటల్ నుంచి చాయ్ తెప్పించింది. తల్లి ఆ ఏడే పోయిందని, భర్త ఊరు ఇదేనని, దుకాణం బాగానే నడుస్తోందని చెప్పింది. నా ఉద్యోగం అడిగింది. మేనేజర్ తర్వాత నేనే అని చెప్పాల్సి వచ్చింది. సంతోషపడింది. తర్వాత నా ఆధార్ జిరాక్సు తీసి, నాలుగు అంచులూ సరిగ్గా పడ్డాయా అని చూసి, మళ్ళీ చూసి, ఆ కాగితాన్ని చేతిలో పెట్టుకునే అంది.

"గా దసరా ముచ్చట నేనింకా మర్వలె తమ్మీ. ఎవలు ఏమనకపోయినా నాకు నా చేతి మీద నమ్మకం పోయింది. గ్యాస్ బంద్ చేసిన్నా లేదా అని తొవ్వల నుంచి మల్లుతా. తాళం ఏసిన్నా లేదా. మా ఆయన నవ్వుతడు. షరతులు తీసుడేంది నేను? చిన్నప్పటి సంది ముడెయ్యంగ పెరిగిన చెయ్యి గిది. అది గూడ యాది లేకుంట తీసింది. ఇగ దేన్ని నమ్మాలె?"

నేను చాయ్ గ్లాసు చూస్తున్నాను.

"నువ్వొక్కనివే అప్పుడు మంచిగ మాట్లాడినవ్" అంది.

చెప్పవలసిన చోటు అదే, సమయమూ అదే. నా నోటి నుంచి వచ్చిన మాట: "ఫికర్ చేయకు అక్కా." ఆ పైన, పెళ్ళికి ఆలస్యమవుతోందని లేచాను. పెళ్ళిలో భోజనం బాగుందన్నారు. నాకు గుర్తు లేదు.

సోమవారం మేనేజర్ గదిలోకి వెళ్ళాను. ఆయన రిటైర్మెంటుకు ఇంకా కొద్ది నెలలే. టేబుల్ మీద మరమరాల డబ్బా తెరిచి ఉంది.

"సార్, ఆ పత్తి మార్కెట్ తప్పు అక్కది కాదు. నాది."

"ఏ తప్పు?"

"స్లైడుల ఉన్నది సార్."

"ఓ, గదా. మంచి స్లైడయ్యా అది. అందరు నవ్వుతరు."

"పేరు మార్చాలె సార్."

ఆయన కాసేపు నమిలాడు. "నీ పేరు పెడితే గా క్లాసు ఎవలు చెప్పాలె?"

"నేనే చెప్తా."

"నీ తప్పు నువ్వే చెప్పుకుంటవా? ఆడిట్ వస్తాంది వచ్చే నెల. ఇప్పుడే యాదికచ్చిందా నీకు?"

"ఎప్పుడు యాదికే ఉంది సార్."

ఆయన నన్ను మొదటిసారి చూసినట్టు చూశాడు. తర్వాత ఆయనకు అసలు చిక్కు తట్టింది. "మరి శాలువా?"

"ఇంట్ల ఉన్నది సార్. తెచ్చిస్త."

"వాపస్ తీసుకునే పద్ధతి లేదయ్యా మన దగ్గర" అన్నాడు, నిజంగానే ఇబ్బంది పడుతూ. చివరికి శాలువా సంగతి పక్కన పెట్టి, పేరు మార్చుకోమన్నాడు.

స్లైడులో పేరు మార్చడం నిమిషం పని. పట్టికలో అలా కుదరదు. అక్కడ పాత వరుస చెరపకూడదు, దాని మీద కొత్త వరుస చేర్చాలి. ఆ ఫైలు ఇంకా బతికే ఉంది, ఎందుకంటే ఆ యార్డు ఇంకా కంప్యూటర్ మార్చలేదు. కొత్త వరుస రాయడానికి మూడు రోజులు పట్టింది. మొదట, "కొన్ని కారణాల వల్ల షరతులు తొలగించబడ్డాయి" అని రాశాను. చదివితే వానకు తడిసి అవే ఊడిపోయినట్టుంది. తర్వాత నా సర్టిఫికెట్ గురించి, పని ఒత్తిడి గురించి, పూజలో ఉన్న డబ్బా గురించి ఒక పేరా రాశాను. అది చదివితే తప్పంతా నిమ్మకాయదే అనిపించింది. చివరికి రెండు వాక్యాలు మిగిలాయి. ఉద్యోగంలో చేరిన ఇన్నేళ్ళలో ఆ పట్టికలో నా పేరు నేను రాయడం అదే మొదటిసారి.

ఆ కాగితం ప్రింటు తీసుకుని, హనుమకొండలో బస్సెక్కి మరిపెడ వెళ్ళాను. శాలువా కూడా సంచిలో పెట్టుకున్నాను. ఎందుకో నాకే తెలియదు. ఇవ్వడానికి అదొక్కటే ఉంది.

మధ్యాహ్నం, దుకాణంలో ఎవరూ లేరు. ఈసారి కూర్చోలేదు. కాగితం కౌంటరు మీద పెట్టాను. అక్క కళ్ళజోడు పెట్టుకుని చదివింది.

"కింద, ఆ దసరా ముందు వరుసలో షరతులు తీసింది, పరీక్ష చేయకుండానే చేశానని రాసింది నేను. అక్కడున్న పేరు గల వ్యక్తి అన్ని షరతులూ పెట్టే వెళ్ళింది, ఆ రోజు పంపింది ఆమె కాదు."

ఒకసారి చదివింది. రెండోసారి వేలు పెట్టి చదివింది. మూడోసారి పెదవులు కదుపుతూ చదివింది. నేను లెక్కపెట్టాను.

"అయితే నేను పంపలె" అంది.

"పంపలే అక్కా."

"షరతులు?"

"నేను తీసిన."

"అంటే నేను పెట్టిన్నా?"

"పెట్టినవ్."

"అన్నిటికా?"

"నువ్వు రాసినకాడికి అన్నిటికీ పెట్టినవ్. ఒక్కటి గూడ ఇడువలె. మిగిలిన నాలుగు నేనే కలిపిన, వాటికి గూడ నువ్వు పైన రాసి పెట్టినవ్, షరతు మర్వద్దని."

అక్క తన కుడిచేతిని కౌంటరు మీద పెట్టి, ఎవరిదో చూసినట్టు చూసింది. తిడితే బాగుండుననిపించింది. అప్పుడే ఒకామె వచ్చి రేషన్ కార్డు జిరాక్సు అడిగింది. అక్క కార్డు అందుకుని, మిషన్లో పెట్టి, బటన్ నొక్కి, వచ్చిన కాగితాన్ని చూడకుండానే ఆమె చేతికిచ్చి పంపింది. అలా పంపిన సంగతి అక్క గమనించిందో లేదో నాకు తెలియదు.

నేను శాలువా తీసి కాగితం పక్కన పెట్టాను. ఆమె అంచు పట్టుకుని వేళ్ళతో నలిపి చూసింది.

"మరమగ్గంది" అంది. "పోగు పల్చన. దీన్ని కప్పుకుని గిన్నేండ్లు ఎట్లున్నవ్?"

"కప్పుకోలే అక్కా. బీరువల ఉంది."

"ఎందుకు చెప్పలె తమ్మీ? అప్పుడు కాకపోతే మల్ల. నేను గా డెస్కుల ఏడాది కూసున్న. నువ్వు రోజు నా ముందలనే పోయినవ్."

దానికి బస్సులో మూడు జవాబులు తయారుచేసుకుని వచ్చాను. మూడూ బాగానే ఉన్నాయి. ఒక్కటీ చెప్పలేదు.

"అక్కా, తప్పు నాది. నీది కాదని నాకు ఆ దినమే ఎర్కే. ఎర్కై ఉండి నోరు మూసుకున్న. నువ్వు నీ చేతిని అనుమానపడుతాంటే చూసుకుంట ఉన్న, పైకెంచి ఓదార్చిన. తీసిన షరతుల కన్నా గా ఓదార్చుడే పెద్ద తప్పు. మాఫ్ చెయ్యక్కా."